జీవాలు బండెక్కితే

శనివారం. పెబ్బేరు సంత.

పెబ్బేరు వనపర్తి జిల్లాలో ఉంది. అక్కడ శనివారం పెద్ద సంత జరుగుతుంది. ఎడ్లు, బర్రెలు, గొర్రెలు, మేకలు అమ్ముతారు, కొంటారు.

ఆ రోజు సంతకు ఒక అత్త, ఒక కోడలు వచ్చారు. మహిళా సంఘంలో కోడలు అప్పు తీసుకుంది. ఆ డబ్బుతో మూడు మేకలు కొన్నారు. ఒక్కోటి 9 వేలు. మూడింటికి 27 వేలు. ఒక మేకకు నుదుట తెల్లని చుక్క ఉంది. కోడలు దానికి అప్పుడే 'చుక్క' అని పేరు పెట్టింది.

బేరం తెగేసరికి ఎండ ముదిరింది. ఊరు 40 కిలోమీటర్ల దూరం. ట్రాలీ ఆటో మాట్లాడుకున్నారు. అందులో అప్పటికే తవుడు బస్తాలు ఉన్నాయి.

"కాళ్ళు కట్టి పడేయండమ్మా. కదలకుండ పడి ఉంటయి" అన్నాడు డ్రైవరు.

"నొప్పి పుట్టదా అత్తమ్మా?" అంది కోడలు.

"ఏం గాదు బిడ్డా. ఎన్నేండ్ల సంది చూస్తలేం?" అంది అత్త.

రెండు మేకలకు నాలుగు కాళ్ళూ కలిపి కట్టారు. బస్తాల పక్కన పడుకోబెట్టారు. తాడు చాలలేదు. చుక్కకు మాత్రం మెడకు ఉరిముడి వేశారు. తాడు రెండో కొసను ట్రాలీ కమ్మీకి కట్టారు. ఆ తాడు పొడుగ్గా ఉంది. రేకు నేల నున్నగా ఉంది.

డ్రైవరు వెంటనే కదల్లేదు. ఇంకో బేరం కోసం గంటసేపు ఆగాడు. మేకలు ఎండలో అలాగే పడి ఉన్నాయి.

బండి కదిలింది. దారిలో ఒక స్పీడ్ బ్రేకర్ వచ్చింది. బండి ఎగిరి పడింది. చుక్క కాళ్ళు జారాయి. అది బెదిరింది. ఒక్క ఉదుటున ట్రాలీ అంచు దాటి బయటికి దూకింది. కానీ తాడు మెడకే ఉంది. చుక్క గాలిలో వేలాడింది. ముడి బిగుసుకుంది.

వెనక మోటారు సైకిలు మీద వచ్చే మనిషి కేక వేశాడు. డ్రైవరు బండి ఆపాడు. తాడు కోశారు. చుక్క కింద పడి దగ్గింది. కాసేపటికి లేచింది. బతికింది.

ఇంటికి చేరారు. మిగతా రెండింటి కట్లు విప్పారు. ఒకటి తూలుతూ నిలబడింది. రెండోది లేవలేదు. దాని డొక్క డోలులా ఉబ్బింది. నోట నురగ వచ్చింది. పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేశారు. ఆమె వచ్చేసరికి మేక చచ్చిపోయింది.

9 వేలు పోయాయి. అప్పు మాత్రం మిగిలింది. కిస్తీ నెల నెలా కట్టాల్సిందే.

"దిష్టి తగిలింది. సంతల ఎవరి కన్నో పడ్డది" అని అత్త ఏడ్చింది.

డాక్టరమ్మ మేకను చూసింది. తాళ్ళు చూసింది.

"దిష్టి కాదు పెద్దమ్మా. తాడు" అంది.

తాడు ఎలా చంపుతుంది?

మేక నెమరు వేసే జీవం. గొర్రె, ఆవు, బర్రె కూడా అంతే. వాటి పెద్ద పొట్టలో మేత ఊరుతుంది. ఊరేటప్పుడు గాలి పుడుతుంది. ఆ గాలి ఎప్పటికప్పుడు త్రేన్పుగా బయటికి పోతుంది. మేక నిలబడి ఉన్నా, రొమ్ము మీద కూర్చుని ఉన్నా త్రేన్పు వస్తుంది.

కాళ్ళు కట్టి పక్కకు పడేస్తే ఏమవుతుంది? గాలి పోయే దారి మూసుకుపోతుంది. గాలి పుడుతూనే ఉంటుంది. బయటికి రాదు. పొట్ట ఉబ్బుతుంది. ఉబ్బిన పొట్ట ఊపిరితిత్తులను నొక్కుతుంది. ఊపిరి ఆడదు. పొట్టలోని మేత నీరు గొంతులోకి వచ్చి ఊపిరి గొట్టంలో పడవచ్చు. అప్పుడు కూడా చస్తుంది.

"కదలకుండ పడి ఉన్నది. మంచిగనే ఉందనుకున్నం" అంది కోడలు.

"కదలలేక పడి ఉందమ్మా" అంది డాక్టరమ్మ.

దారిలో మేక డొక్క ఉబ్బితే వెంటనే బండి ఆపాలి. కట్లు విప్పాలి. రొమ్ము మీద కూర్చోబెట్టాలి. ముందు కాళ్ళ వైపు కొంచెం ఎత్తుగా ఉంచాలి. డాక్టరుకు ఫోన్ చేయాలి. నోట్లో నూనె గానీ, నీళ్ళు గానీ బలవంతంగా పోయకూడదు. అవి ఊపిరి గొట్టంలోకి పోతాయి.

అయితే అసలు కట్టకూడదా?

కట్టకుండా వదిలేసినా ప్రమాదమే. మనం బస్సులో నిలబడి ఉంటాం. డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తాడు. బస్సు ఆగుతుంది. మన ఒళ్ళు ఆగదు. ముందుకు తూలుతుంది. కమ్మీ పట్టుకోకపోతే పడిపోతాం.

మేకకు పట్టుకోవడానికి చేతులు లేవు. బ్రేకు వేస్తే అది ముందుకు వచ్చి పడుతుంది. కాలు విరుగుతుంది. చిన్న పిల్ల ఉంటే దాని కింద నలుగుతుంది. బెదిరి రోడ్డు మీదికి దూకితే వెనక వచ్చే బండి కింద పడుతుంది. దాన్ని తప్పించబోయి మనుషులూ పడతారు.

కాబట్టి జీవాన్ని ఆపి ఉంచాలి. కానీ అది నిలబడగలగాలి. కూర్చోగలగాలి. ఊపిరి తీయగలగాలి. దూకలేకపోవాలి. కట్టడం అంటే ఇదే.

రెండోసారి సంత

నాలుగు నెలలు గడిచాయి. అత్తాకోడళ్ళు మళ్ళీ పెబ్బేరు వెళ్ళారు. ఈసారి కోడలి దగ్గర ఒక కాగితం ఉంది. డాక్టరమ్మ చెప్పినవన్నీ ఆమె తన చేత్తో రాసుకుంది.

తెల్లవారకముందే బయల్దేరారు. రెండు మేకలు కొన్నారు. ఎండ ముదరకముందే ట్రాలీ మాట్లాడారు. వేరే సరుకు లేని బండి చూశారు.

ముందుగా ట్రాలీ నేల మీద గోనెసంచులు పరిచారు. వాటి మీద వరిగడ్డి మందంగా వేశారు. కాళ్ళు జారవు. రేకు వేడి తగలదు.

ట్రాలీ పెద్దది. మేకలు రెండే. ఖాళీ ఎక్కువైనా ప్రమాదమే. బ్రేకు వేసినప్పుడల్లా ఈ చివరి నుంచి ఆ చివరికి జారుతాయి. కోడలు డ్రైవరును అడిగి ఒక చెక్క పలక అడ్డంగా కట్టించింది. మేకలు ముందు భాగంలో ఉండిపోయాయి. పైన వల కట్టారు. ఇక దూకలేవు. గాలి మాత్రం ఆడుతుంది.

మేకలను చెవులు పట్టి, కొమ్ములు పట్టి లాగలేదు. ట్రాలీని ఒక మట్టి గట్టు దగ్గరికి తెమ్మన్నారు. మేకలు గట్టు మీద నుంచి నడిచి ఎక్కాయి.

ఒక మేక మరీ బెదురు గొడ్డు. దాన్ని మాత్రం కట్టారు. లావుపాటి మెత్తని తాడు తీసుకున్నారు. సన్నని నైలాను తాడు మెడను కోస్తుంది. మెడకు ఉరిముడి వేయలేదు. లాగినా బిగుసుకోని ముడి వేశారు. అత్త తన రెండు వేళ్ళు తాడు కిందికి దూర్చి చూసింది.

"దూరినయి బిడ్డా" అంది.

రెండో కొసను కమ్మీకి కట్టారు. అక్కడ ఒక్క లాగుతో ఊడే ముడి వేశారు. ఆపద వస్తే వెంటనే విప్పవచ్చు. తాడు పొట్టిగా ఉంచారు. మేక లేవగలదు. కూర్చోగలదు. తల అంచు దాటించలేదు.

ఇదంతా చూసి డ్రైవరు నవ్వాడు. "మేకలకు ఇంత మర్యాదా?" అన్నాడు.

"ఒక మేక చస్తే కిస్తీ నువ్వు కడతవా తమ్ముడూ?" అంది అత్త.

దారిలో రెండుసార్లు ఆపి చూశారు. కొంచెం నీళ్ళు పెట్టారు. ఊరు చేరగానే మేకలు తమంతట తామే దిగాయి. చుక్క వాటిని చూసి అరిచింది.

చట్టం ఏమంటుంది?

జంతువులను హింసించకూడదని 1960లో చట్టం వచ్చింది. అనవసరంగా నొప్పి కలిగేలా జంతువును బండిలో తీసుకుపోవడం ఆ చట్టం ప్రకారం నేరం.

జంతువుల రవాణాకు 1978లో నిబంధనలు వచ్చాయి. గొర్రెలు, మేకలు 6 గంటలకు మించి ప్రయాణం చేస్తే ఈ నిబంధనలు పాటించాలి. వాటి కాళ్ళు కట్టకూడదు. దూకే ప్రమాదం ఉంటే తప్ప వాటిని బంధించకూడదు. కింద గడ్డి వంటి మెత్త పరవాలి. ఆరోగ్యంగా ఉన్నాయని పశువైద్యుని సర్టిఫికెట్ వెంట ఉండాలి.

ప్రయాణం గంటే అయినా మేక పొట్ట మేక పొట్టే. కాబట్టి దగ్గరి దారికీ ఇవే జాగ్రత్తలు పాటించడం మంచిది.

2015లో మోటారు వాహనాల నిబంధనల్లో మరో మాట చేర్చారు. బండిలో ఒక్కో గొర్రెకు, మేకకు 0.3 చదరపు మీటరు చోటు ఉండాలి. అంటే సుమారు మూడుంపావు చదరపు అడుగులు. ఆవుకు, బర్రెకు 2 చదరపు మీటర్లు ఉండాలి.

మిగతా జంతువుల సంగతి

బర్రె, ఆవు: ముకుతాడుతో కమ్మీకి కట్టకూడదు. కుదుపుకు ముక్కు చీలుతుంది. మెడ పలుపుతో కట్టాలి. ముఖం ఇంజను వైపు ఉంటే మంచిది. నిండు చూలు పశువును బండెక్కించకూడదు.

కోళ్ళు: కాళ్ళు కట్టి తలకిందులుగా వేలాడదీయకూడదు. గాలి ఆడే గంపలో పెట్టాలి. గంప దొర్లకుండా కట్టాలి.

కుక్క: కారులో వెనక సీట్లో ఉండాలి. మెడ పట్టీకి తాడు కడితే బ్రేకుకు మెడ విరగవచ్చు. ఛాతీ చుట్టూ వేసే పట్టీ దొరుకుతుంది. దాన్ని సీటు బెల్టుకు తగిలించాలి. కిటికీలోంచి తల బయట పెట్టనివ్వకూడదు. డ్రైవరు ఒళ్ళో ఎప్పుడూ కూర్చోబెట్టకూడదు.

పిల్లి: గాలి రంధ్రాలున్న పెట్టెలో ఉంచాలి. పెట్టెను సీటుకు కట్టాలి.

ఏ జీవాన్నయినా మూసిన కారులో ఎండలో వదిలి వెళ్ళకూడదు. కారు లోపల కొద్దిసేపట్లోనే పొయ్యిలా వేడెక్కుతుంది. జీవం చస్తుంది.

జబ్బు చేసిన పశువును బండెక్కించే ముందు ఆలోచించాలి. 1962 పశువైద్య సంచార వాహనాల ఫోను నంబరు. ముందు ఆ నంబరుకు చేసి అడగాలి.

లెక్క చేద్దాం

ఒక ట్రాలీ పొడవు 7 అడుగులు. వెడల్పు 4 అడుగులు.
7 × 4 = 28 చదరపు అడుగులు.
ఒక మేకకు మూడుంపావు చదరపు అడుగులు కావాలి.
8 మేకలకు 26 చదరపు అడుగులు. సరిపోతుంది.
9 మేకలకు 29 దాటుతుంది. సరిపోదు.
అంటే ఈ ట్రాలీలో 8 మేకలకు మించి ఎక్కించకూడదు.
మీ ఊరి ట్రాలీని టేపుతో కొలవండి. ఎన్ని మేకలు పడతాయో లెక్క కట్టండి.

మాట్లాడుకోండి

1. మొదటిసారి అత్తాకోడళ్ళు ఏయే పొరపాట్లు చేశారు?
2. మేక చావుకు దిష్టి కారణం అని అత్త ఎందుకనుకుంది? అసలు కారణం ఏమిటి?
3. మీ ఊళ్ళో జీవాలను బండిలో ఎలా తీసుకుపోతారు?
4. బండి కిరాయి తగ్గుతుందని ఎక్కువ జీవాలను ఎక్కిస్తే లాభమా, నష్టమా?

రాయండి

ఈ మాటలతో ఒక్కో వాక్యం రాయండి: నెమరు, డొక్క, ఉరిముడి, పలుపు, కిస్తీ.

చివరిగా ఒక సంగతి

అత్త ఇప్పుడు కూడా సంతకు వెళ్తుంది. మొన్న ఒకామె మేకల కాళ్ళు కట్టి ట్రాలీలో వేయిస్తోంది. అత్త దగ్గరికి వెళ్ళింది.

"కాళ్ళు ఇప్పు బిడ్డా" అంది. "మాది ఒకటి ఇట్లనే పోయింది. దిష్టి అనుకున్న. తాడే చంపింది."

ఆమె కాసేపు ఆలోచించింది. తర్వాత వంగి కట్లు విప్పింది. మేకలు లేచి నిలబడ్డాయి.