తొట్టి స్నానం, మీ నాన్న గుండె

చి. సౌ. సుధకు, మామయ్య ఆశీస్సులు.

అక్కా బావా జనవరిలో యోకోహామా వస్తున్నారటగా. నాన్నకి మీ తొట్టి స్నానం అలవాటు చేయిస్తానన్నావని అక్క చెప్పింది. చేయించు, వద్దనను. కానీ డెబ్బై దాటిన బీపీ మనిషి, కాస్త విను.

బావ ఇక్కడ చేసేది చెంబు స్నానం. పొగలు కక్కే నీళ్ళయినా ఒంటి మీద నుంచి జారిపోతాయి. తొట్టిలో మెడదాకా మునిగితే నీటి ఒత్తిడికి కాళ్ళలో, పొట్టలో ఉన్న నెత్తురు అరలీటరుకు పైగా ఛాతీలోకి ఎక్కుతుంది. గుండెకి ఆ బరువు అదనం. అదే సమయంలో వేడికి చర్మంలోని రక్తనాళాలు విచ్చుకుని బీపీ దిగుతుంది, నాడి వేగం అందుకుంటుంది. ఇంతవరకూ చాలామందికి హాయే. అసలు గండం లేచేటప్పుడు. నీటి ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది, నాళాలు మాత్రం విచ్చుకునే ఉంటాయి, నెత్తురంతా కాళ్ళలోకి దిగి కళ్ళు తిరుగుతాయి. బావ వేసుకునే బీపీ, ప్రోస్టేట్ బిళ్ళలు దీనికి తోడు. అలాగని బిళ్ళలు మానిపించేవు!

తొట్టి స్నానం గుండెకి మేలని నువ్వు పంపిన వార్త చదివాను. 2020లో వచ్చిన ఆ జపాన్ అధ్యయనం చిన్నదేమీ కాదు, దాదాపు ముప్పై వేల మందిని ఏళ్ళ తరబడి గమనించారు. వారానికి రెండుసార్లకు మించి తొట్టిలో దిగనివాళ్ళకంటే ఇంచుమించు రోజూ దిగేవాళ్ళలో గుండెజబ్బులు, పక్షవాతం కలిపి 28 శాతం తక్కువ. కానీ మొదట్లో వాళ్ళ వయసు 40-59. పైగా ఓపిక ఉన్నవాళ్ళే రోజూ తొట్టిలో దిగుతారు కదా! అది చూసి బావని గంటసేపు నానబెట్టకు.

అలాగని వేడే చెడ్డదని కాదు. జపాన్‌లోనే, కగోషిమాలో డాక్టర్ చువా తేయి గుండె నీరసించిన రోగులకి వేడితోనే చికిత్స చేశారు. 60 డిగ్రీల పొడి గదిలో 15 నిమిషాలు, ఆపైన దుప్పటి కప్పి అరగంట విశ్రాంతి. అందులో నీళ్ళే లేవు చూశావా! వేడి మేలు ఉంచుకుని నీటి బరువు తీసేశారన్నమాట.

మీ ఇళ్ళలో బట్టలు మార్చుకునే గది చలికాలం వణికిస్తుందట. ముందు అక్కడ హీటర్ పెట్టు. చలికి బీపీ ఎగిరి, వేడినీళ్ళలో ధబాలున పడడం వల్ల కూడా అక్కడ ముసలివాళ్ళు చాలామంది తొట్టిలో పోతున్నారు. గోడమీది మీటలతో నీళ్ళ వేడి 40 డిగ్రీలకి పెట్టు, 41 దాటనివ్వకు. పది నిమిషాలు చాలు, నీళ్ళు ఛాతీ కిందికే ఉండాలి. భోంచేసిన వెంటనే వద్దు. ముందు కాళ్ళ మీద పోసుకుని దిగమను. లేచేటప్పుడు తొట్టి అంచు పట్టుకుని మెల్లగా లేవమను. తలుపు గడియ వేయనివ్వకు. లోపలే సొమ్మసిల్లితే ముందు తొట్టిలో నీళ్ళు బయటికి వదిలేసి, అంబులెన్స్ కోసం 119కి ఫోన్ చెయ్యి.

ఇంటిల్లిపాదీ ఒకే నీళ్ళలో దిగుతారని తెలిస్తే బావ ముఖం చిట్లిస్తాడు. మొదటి వంతు ఆయనకే ఇచ్చెయ్, గొడవుండదు.

తొట్టి పక్కన పట్టుకునే కడ్డీ ఉందో లేదో రాయి. లేకపోతే వాళ్ళు రాకముందే బిగించు.

మీ మామయ్య