రసీదు మీద రెండు వాక్యాలు

బందరు,
ఆదివారం

చిరంజీవి నానీకి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాక రాత్రి నిద్ర పట్టలేదురా. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో, సింగ్‌నగర్‌లో నడుంలోతు నీళ్లలో నిలబడి తీసిన ఫొటో ఎవరో పోస్టరు మీద నీ పేరు లేకుండా వేసుకున్నారన్నావు. అడిగితే, ఫేస్‌బుక్‌లో పెట్టావుగా, ఇక అందరిదీ అన్నారట. అలా ఏం కాదు. షట్టరు నొక్కిన క్షణం నుంచీ ఆ ఫొటో నీదే. మన ప్రకాశం బ్యారేజీ పూర్తయిన 1957లోనే కాపీరైట్ చట్టమూ వచ్చింది. దాని ప్రకారం రిజిస్టరు కూడా చేయించనక్కర్లేదు. 2012 సవరణ తర్వాత నీ జీవితకాలమూ, ఆ పైన 60 ఏళ్లూ ఆ హక్కు ఉంటుంది. వాళ్లకు తేదీ వేసి, మర్యాదగా ఉత్తరం రాయి. కెమెరాలోంచి దించిన అసలు ఫైలు భద్రంగా దాచు, రేపు నీకు సాక్ష్యం అదే. అవునూ, ఆ మురుగునీళ్లలోకి కాళ్లకి ఏమన్నా వేసుకునే దిగావా?

రెండో సంగతి నీకు నచ్చదు. నువ్వు పెట్టిన పెళ్లికూతురి ఫొటో తీసేయమన్నారని పెళ్లివాళ్ల మీద కోప్పడ్డావు. న్యాయం వాళ్లవైపే ఉంది నాన్నా. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. చట్టం సంగతి అటుంచు, ఒక ఆడపిల్ల ముఖం అడక్కుండా నలుగురిలో పెట్టొచ్చా? ఇవాళే తీసేసి, వాళ్లింటికెళ్లి ఒక మాట చెప్పిరా.

‘వేరే ఒప్పందం లేకపోతే’ అన్నాను చూశావా, అదీ నా బాధ. కాయితం! గట్టుకింద ఎకరం ఎలా పోయిందో మీ అమ్మనడుగు. అడ్వాన్సు రసీదు మీదే రెండు వాక్యాలు రాసుకో: హక్కు ఎవరిది, నీ పని చూపించుకోడానికి వాడుకోవచ్చా లేదా. సంతకం పెట్టించు. బంధువులైనా సరే. బంధువులైతే మరీనూ.

1977 ఉప్పెన తర్వాత సైకిల్ మీద దివిసీమకెళ్లాను. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. యాషికాలో ఒక్కటే రోలు, పన్నెండు ఫొటోలు. ఒకదాంట్లో కూలిన తాటిచెట్టుకు చుట్టుకుపోయిన చిన్న గౌను ఉంది. గుండీలన్నీ పెట్టే ఉన్నాయి. పట్నం నుంచొచ్చిన ఒకాయన కడిగించి పంపిస్తానంటే రోలు చేతిలో పెట్టాను. నెలన్నరకి అది ఒక పత్రికలో కనబడింది, కింద ఆయన పేరు. రోలు ఇచ్చినంత మాత్రాన హక్కు పోదని, సంతకంతో రాసివ్వనిదే అది చేతులు మారదని నాకు చెప్పినవాళ్లు లేరు. రాసిచ్చినా, తీసింది నేనే అని చెప్పుకునే హక్కు ఉంటుందనీ తెలీదు. డబ్బు పోయినందుకు కాదురా, ఆ నెగటివ్ మళ్లీ చూడలేదు. ఆ గౌను ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఎవరికైనా హక్కు రాసిస్తే గడువు కూడా వెయ్యి. వెయ్యకపోతే చట్టం అయిదేళ్లుగా లెక్కేస్తుంది.

రసీదు పుస్తకం అచ్చు వేయించాను, ఆ రెండు వాక్యాలతో సహా. శనివారం బస్సులో పంపిస్తాను, కార్బన్ పెట్టి రాయి, కింది కాపీ చించకు. అత్తయ్య గోంగూర పచ్చడి కట్టింది. నీ కాలి సైజు రాయి, వానాకాలం లోపు మోకాళ్లదాకా వచ్చే బూట్లు కొని ఉంచుతాను.

మామయ్య