విద్యుద్ఘటాలు - విషలోహాలు

జపాను దేశంలోని తొయామా ప్రాంతంలో జింజు అనే నది ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ నదీతీర గ్రామాలను ఒక దారుణవ్యాధి పీడించింది. రోగుల ఎముకలు మెత్తబడిపోయేవి. దగ్గినంత మాత్రాన పక్కటెముకలు విరిగిన సందర్భాలున్నాయి. బాధితులలో అధికులు నడివయసు దాటిన తల్లులు. వారి ఆర్తనాదమే వ్యాధికి పేరయింది: ‘ఇతాయి ఇతాయి’, అనగా ‘నొప్పి, నొప్పి’. ఎగువనున్న గని నుండి నదిలోకి, నది నుండి వరిపొలాలలోకి, అన్నంతోపాటు దేహంలోకి చేరిన కాడ్మియమే అందుకు కారణమని 1968లో జపాను ప్రభుత్వం ప్రకటించింది.

ఆ విషం గని నుండి వచ్చినదే కాని బ్యాటరీల నుండి వచ్చినది కాదు. అయితే అదే లోహం దశాబ్దాలపాటు మన ఇళ్లలోని బ్యాటరీలలోనూ కొలువుదీరింది. విద్యుద్ఘటంలో ఋణధ్రువం ఎలక్ట్రానులను విడుస్తుంది. ధనధ్రువం వాటిని స్వీకరిస్తుంది. 1899లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు వాల్డెమార్ యుంగ్నర్ నికెల్‌కు జతగా కాడ్మియాన్ని ఋణధ్రువంలో నిలిపాడు. మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోదగిన ఆ బ్యాటరీ ఎంతో మన్నికైనది. కాని పారవేసిన పిదప దాని తొడుగు తుప్పుపట్టితే లోపలి లోహం నేలను, నీటిని చేరుతుంది. దేహంలో ప్రవేశించిన కాడ్మియం మూత్రపిండాలలో ఏళ్ల తరబడి తిష్ఠవేస్తుంది.

దానిని తొలగించడం సులభం కాలేదు. కథానాయక పాత్రధారిని మార్చి, అదే నాటకాన్ని రక్తికట్టించడం వంటి పని అది! హైడ్రోజన్‌ను పీల్చుకొని, అవసరమైనపుడు విడువగల మిశ్రలోహాలు చివరకు ఆ పాత్రను స్వీకరించాయి. నికెల్ యథాస్థానంలోనే ఉన్నది. ఈ కొత్త బ్యాటరీలు 1980ల చివర విపణిలోకి వచ్చాయి. 2006లో యూరోపియన్ యూనియన్ చిన్న బ్యాటరీల బరువులో కాడ్మియం 0.002 శాతానికి మించరాదని శాసించింది. తీగలేని పనిముట్లకు ఇచ్చిన మినహాయింపు కూడా 2016తో ముగిసింది.

1991లో విపణికెక్కిన లిథియం-అయాన్ బ్యాటరీ ధనధ్రువంలో కోబాల్టు చోటుచేసుకున్నది. పూర్వం జర్మనీ గనికార్మికులు తమను పీడించే ఖనిజానికి ‘కోబోల్డ్’ అనే భూతం పేరు పెట్టారు. ఆ పేరే దీనికి వచ్చింది. కాంగో గనులలో దానికోసం శ్రమిస్తున్న బాలలను తలచుకొంటే ఆ పేరు సార్థకమే అనిపిస్తుంది. 1997లో అమెరికాలో జాన్ గుడ్‌ఎనఫ్ బృందం కోబాల్టు స్థానంలో ఇనుము, ఫాస్ఫేటుల సమ్మేళనాన్ని ప్రతిపాదించింది. అది చవక, నిరపాయకరం. కాని దానిలో విద్యుత్తు సులభంగా ప్రవహించదు. కణాలపై పలుచని కార్బన్ పూత పూయడంతో ఆ లోపం చాలావరకు తీరింది. అదే బరువుకు నిలువచేసే శక్తి మాత్రం కొంత తక్కువే. అయినప్పటికీ నేడు ఎన్నో విద్యుత్ కార్లు, బస్సులు దానితోనే నడుస్తున్నాయి.

1859లో ప్లాంటే రూపొందించిన సీసపు బ్యాటరీకి మాత్రం అటువంటి మార్పు రాలేదు. రెండు ధ్రువాలలోనూ నేటికీ సీసమే. పాతవాటిని పగులగొట్టి, ఆరుబయట సీసం కరిగించే చోట్ల ఆ పొగ, ధూళి చుట్టుపక్కల పిల్లల రక్తంలో చేరుతూనే ఉన్నాయి.