నేరస్థుని పునరాగమనం - ప్రొబేషన్ అధికారి బాధ్యత

నేరం చేసినవానికి శిక్ష తప్పదనే న్యాయసూత్రం అతి ప్రాచీనమైనది. అయితే ఆ శిక్ష ముగిసిన మరునాడు అతడు ఎవరి ఇంటికి పోవాలి, ఏ పని చేసి బ్రతకాలి అనే ప్రశ్న మాత్రం మానవ సమాజానికి చాలా ఆలస్యంగా తోచింది. మొదటిసారి తప్పుచేసిన యువకుణ్ణి కరడుగట్టిన నేరస్థుల నడుమ ఆరు నెలలు ఉంచితే, అతడు అక్కడ నేర్చుకొనివచ్చేది పశ్చాత్తాపం కాకపోవచ్చు. పైగా చేస్తున్న పని పోతుంది; కుటుంబం చెదరిపోతుంది; జైలుకు పోయి వచ్చినవాడనే ముద్ర మాత్రం మిగిలిపోతుంది. ఈ అనర్థాన్ని నివారించడానికి ఏర్పడిన విధానమే ప్రొబేషన్. నేరం రుజువైన వ్యక్తిని కారాగారానికి పంపక, సత్ప్రవర్తన కలిగి ఉంటానని అతనిచేత పూచీకత్తు వ్రాయించుకొని, అవసరమైనచోట ఒక అధికారి పర్యవేక్షణలో, తనవారి నడుమనే జీవించనివ్వడం దీని సారాంశం.

చరిత్ర

ఈ విధానానికి ఆద్యుడు న్యాయమూర్తీ కాదు, న్యాయవాదీ కాదు. పాదరక్షలు తయారుచేసే ఒక సామాన్య వృత్తిదారుడు. అమెరికాలోని బోస్టన్ నగరవాసి జాన్ అగస్టస్ 1841లో ఒక తాగుబోతుకు న్యాయస్థానంలో జామీనుగా నిలిచి, మూడు వారాల తరువాత అతణ్ణి మారిన మనిషిగా తిరిగి తీసుకొనివచ్చాడు. అటుపిమ్మట ఇటువంటివారు ఎందరికో ఆయన అండగా నిలిచాడు. 1878లో మసాచుసెట్స్ రాష్ట్రం, 1907లో ఇంగ్లండు ఈ పద్ధతికి చట్టరూపం ఇచ్చాయి. మన దేశంలో 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 562వ సెక్షను దీనికి బీజం వేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలోనే, 1936లో ఆ రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసింది. దేశం మొత్తానికి వర్తించే ఉద్దేశంతో పార్లమెంటు 1958లో నేరస్థుల ప్రొబేషన్ చట్టాన్ని ఆమోదించింది.

చట్ట స్వరూపం

ఈ చట్టం 3వ సెక్షను ప్రకారం, పూర్వం శిక్షపడని వ్యక్తిని కొన్ని చిన్న నేరాలలో మందలించి విడిచిపెట్టవచ్చు. 4వ సెక్షను ప్రకారం, మరణశిక్షకు గాని యావజ్జీవ శిక్షకు గాని తగని నేరాలలో, మూడేండ్లకు మించని గడువుకు పూచీకత్తుపై విడుదల చేయవచ్చు. అధికారి పర్యవేక్షణ విధించదలిస్తే అది ఒక సంవత్సరానికి తగ్గరాదు. 21 సంవత్సరాలు నిండనివారి విషయంలో 6వ సెక్షను మరింత ఉదారమైనది: వారిని జైలుకు పంపదలచిన న్యాయస్థానం అందుకు కారణాలను వ్రాతపూర్వకంగా చూపవలసి ఉంటుంది.

ఈ 6వ సెక్షను ఆశయాన్ని విశదపరచిన తీర్పు ఒకటి 1964లో సుప్రీంకోర్టు నుండి వెలువడింది. పంజాబుకు చెందిన పదహారేండ్ల బాలుని కేసు అది. అతనికి శిక్షపడిన తరువాతనే ఆ జిల్లాలో ఈ చట్టం అమలులోకి వచ్చింది. అయినప్పటికీ అప్పీలు దశలో దాని ప్రయోజనం అతనికి అందించవచ్చునని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు నిర్ణయించారు. ఆ తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు.

అధికారి చేసే పని

ప్రొబేషన్ అధికారి పని తీర్పునకు ముందే ప్రారంభమవుతుంది. ఒక పందొమ్మిదేండ్ల కుర్రవాడు సైకిలు దొంగిలించి పట్టుబడ్డాడనుకొందాం. పోలీసు దస్త్రంలో దొంగిలించిన వస్తువు, తేదీ, సాక్షులు ఉంటాయి. తండ్రి మరణించిన సంగతి, చదువు మధ్యలో ఆగిన కారణం, చెడు సావాసం ఎక్కడ మొదలైందో అందులో ఉండవు. అధికారి అతని ఇంటికి పోయి, ఇరుగుపొరుగువారితో, పని ఇచ్చినవారితో మాట్లాడి, ఆ విషయాలను నివేదికగా న్యాయస్థానానికి సమర్పిస్తాడు. ఈ నివేదిక రహస్యమైనది.

విడుదల తరువాత పర్యవేక్షణ విధించినప్పుడు రెండవ దశ. పూచీకత్తులోని షరతులను, అనగా నివాసం మార్చకపోవడం, మత్తుపదార్థాలకు దూరంగా ఉండడం వంటివాటిని అతడు పాటిస్తున్నాడా అని చూడాలి. అంతమాత్రమే అయితే అది పోలీసు పని అవుతుంది. తగిన ఉపాధి వెదకడానికి ప్రయత్నించడం, బాధితునికి చెల్లించవలసిన పరిహారం విషయంలో సహాయపడడం కూడా 14వ సెక్షను అధికారిపై ఉంచిన విధులే. షరతు తప్పితే న్యాయస్థానం మొదటి నేరానికే శిక్ష విధించవచ్చు. మొదటి పొరపాటైతే 50 రూపాయలకు మించని జరిమానాతో మరొక అవకాశం ఈయవచ్చు. కావున ఈ అధికారి ఒక చేత అదుపు, మరొక చేత ఆదరణ పట్టుకొని నడవవలసినవాడు.

చట్టం ఆగిపోయే చోటు

ఇంత మంచి చట్టానికి రెండు అవరోధాలు ఉన్నాయి. మొదటిది, 4వ సెక్షను కింద విడుదలకు నేరస్థునికి గాని జామీనుదారునికి గాని స్థిరనివాసమో నిలకడైన వృత్తో ఉండాలి. పొట్టకూటికై నగరానికి వలసవచ్చి దారిపక్కన తలదాచుకొనే కూలీకి ఇవి రెండూ ఉండవు. అతనికోసం జామీను నిలిచేవారూ ఉండరు. అందువల్ల ప్రొబేషన్ అవసరం ఎక్కువగా ఉన్నవానికే అది దూరమయ్యే ప్రమాదం ఉంది.

రెండవది లోకుల మనస్సు. ప్రొబేషన్ పొందినవానికి నేర నిర్ధారణవల్ల కలిగే అనర్హత అంటదని 12వ సెక్షను చెప్పుతుంది. అయినా నేర నిర్ధారణ చెరిగిపోదు. దానికి మూలమైన ప్రవర్తనపై ఉద్యోగికి శాఖాపరమైన శిక్ష పడవచ్చునని సుప్రీంకోర్టు 1990లో స్పష్టపరచింది. ఇక దుకాణంలో పని, అద్దెకు గది, పెండ్లి సంబంధం వంటివి ఏ చట్టమూ ఇప్పించజాలదు. న్యాయస్థానం విడిచిపెట్టిన మనిషిని ఊరు జీవితాంతం శిక్షిస్తే అధికారి శ్రమ వ్యర్థమే కదా!

2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 401వ సెక్షను కూడా ప్రొబేషన్‌కు చోటు కల్పించింది. చట్టాలకు కొదవ లేదు. కొదవ ఉన్నది పూచీ పడేవారికే. విద్యార్థి మిత్రులలో రేపు న్యాయవాదులు అయ్యేవారు శిక్ష ఖరారు కాకముందే అధికారి నివేదికను తెప్పించమని న్యాయస్థానాన్ని కోరాలి. వ్యాపారం చేసేవారు అటువంటి ఒక్క యువకునికైనా పని ఈయాలి. బోస్టన్‌లో పాదరక్షలు కుట్టుకొనే మనిషికి సాధ్యమైనది, పట్టభద్రులు కాబోతున్న మనకు అసాధ్యం కాదు.