రసమట్టము మొదలు లేజరు మట్టము వరకు: పేటెంటు పరీక్షను గూర్చి కొన్ని మాటలు

గత సంవత్సరము మా కళాశాలలో క్రొత్త గదులు కట్టుచుండగా, తాపీ మేస్త్రి యొకడు మూడుకాళ్ళ స్టాండుపై చిన్న పెట్టె నుంచి మీట నొక్కెను. వెంటనే గోడలపై నెఱ్ఱని గీత యొకటి సరిసమానమైన మట్టముతో పడినది. ఇద్దరు మనుష్యులు నీటిగొట్టమును చెరియొక కొనను పట్టుకొని, బుడగలు పోవునంతవరకు వేచి, సున్నపు గుర్తులు పెట్టుచు గంటసేపు చేయు పని యది. చూచుచున్న విద్యార్థులలో ఒకని తండ్రియు తాపీ మేస్త్రియే. అట్టి పెట్టెను వెదురు పరంజాకు కదలకుండ బిగించు పట్టు నొకదానిని తాను చేసితిననియు, దానికి పేటెంటు లభించునా యనియు అతడు నన్నడిగెను. "తెలుగు చెప్పువాడను, నన్నడుగుదువేమి నాయనా?" అంటిని. "దరఖాస్తులో మాటలే ముఖ్యమని చెప్పినారు సార్" అనెను. ఆ మాట ఎంత నిజమో తరువాత చట్టమును చదివినపుడు గాని నాకు బోధపడలేదు.

పేటెంటు పరీక్షకుడు మొదట చూచునది పూర్వజ్ఞానము. మట్టము చూచు విద్య ప్రాచీనమైనది. సుమారు వెయ్యి సంవత్సరముల క్రిందట అల్ కరజీ యను గణితవేత్త భూగర్భజలములను వెలికి తీయుటను గూర్చి అరబ్బీలో వ్రాసిన గ్రంథమున, కాలువలకు మట్టము కట్టు సాధనములను వర్ణించియున్నాడు. మన మేస్త్రులు రసమట్టమనెడు గాజుగొట్టపు సాధనము 1661 ప్రాంతమున ఫ్రాన్సు దేశస్థుడైన తెవెనో కల్పించినది. పెట్టె కొంచెము వంగినను లోపల లోలకమువలె వ్రేలాడు అద్దపుభాగము తానై చూపును సరిచేసికొను సర్వే యంత్రమును 1950లో జర్మనీలోని జైస్ సంస్థ వెలువరించెను. లేజరు కాంతిని 1960 మే 16న అమెరికాలో థియోడర్ మైమాన్ కెంపురాతితో పుట్టించెను. అదే సంవత్సరము డిసెంబరులో, టెహరానులో జన్మించిన అలీ జవాన్ తన సహచరులతో బెల్ ప్రయోగశాలలో హీలియము, నియాను వాయువుల లేజరును వెలిగించెను. ఆ జాతి వాయు లేజరులే తొలినాటి మట్టపు యంత్రములలో వాడబడినవి. ఇప్పటి పెట్టెలలో ఆ స్థానమును డయోడు ఆక్రమించినది.

కావున "లేజరు కాంతితో మట్టము చూచు పెట్టె" యని ఈనాడు దరఖాస్తు పెట్టినచో నిలువదు. పేటెంటు వస్తువునకు గాక, ఆ వస్తువులో ఇతఃపూర్వము లేని అంశమునకు మాత్రమే లభించును. మన దేశమున 1970 నాటి పేటెంట్ల చట్టము 1972 ఏప్రిల్ 20న అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఆవిష్కారమునకు మూడు గుణము లుండవలెను: నూతనత్వము, కల్పనావిశేషము, పరిశ్రమలో ఉపయోగపడు యోగ్యత. మూడవది మన పట్టు విషయమున చర్చింప నక్కరలేదు. మొదటి రెంటికిని భేదము గ్రహింపవలెను. క్లెయిములో చెప్పిన అంశములన్నియు ఏదో యొక్క పూర్వపత్రములో కలిసి కనబడినచో నూతనత్వము పోయినది. ఒకచోట సగము, వేరొకచోట సగము దొరకినపుడు పరీక్షకుడు మరియొక ప్రశ్న వేయును: ఆ వృత్తిలో ఆరితేరినవానికి ఈ రెంటిని కలుపుట సహజముగనే తోచునా? తోచునన్నచో కల్పనావిశేషము లేదు.

ఈ విషయమున సుప్రీము కోర్టు 1978 డిసెంబరు 13న ఇచ్చిన తీర్పు ప్రసిద్ధము. మీర్జాపూరులోని లోహపాత్రల తయారీ సంస్థయొకటి, లేత్ యంత్రముపై పాత్రను తిప్పునపుడు దానిని పట్టి యుంచు సాధనమునకు పేటెంటు పొందియుండెను. ప్రతివాది బిశ్వనాథ ప్రసాద్ రాధేశ్యామ్ సంస్థ. అందున్నది పనివాడు తన కార్ఖానాలో చేసికొను సవరణకు మించినది కాదని న్యాయస్థానము ఆ పేటెంటును త్రోసివేసినది. మన విద్యార్థి చేసినదియు పట్టియే గనుక ఈ తీర్పును అతనికి రెండుమార్లు చదివి వినిపించితిని. అతని ముఖము చిన్నబోయినది. అయినను ఆ నిర్ణయము పట్టులన్నిటికిని వర్తించునది కాదు. ఇతని పట్టునకు పూర్వము లేని ఫలమేమి యనునదే ప్రశ్న.

చట్టములోని 3వ సెక్షను ఆవిష్కారములు కానివానిని పేర్కొనుచున్నది. దాని (ఎఫ్) ఖండము ప్రకారము, తెలిసిన సాధనములను ప్రక్కప్రక్కన అమర్చి, అవి వేటికవి పూర్వమువలెనే పనిచేయుచున్నచో అది ఆవిష్కారము కాదు. లేజరు పెట్టెపై రసమట్టము నతికించుట యిట్టిది. కాంతి తన పని తాను చేయును, బుడగ తన పని తాను చేయును. (హెచ్) ఖండము వ్యవసాయ పద్ధతులను మినహాయించినది. ట్రాక్టరు వెనుక పలుగొప్పెరను కట్టి, దానిపై నిలిపిన గ్రాహకము లేజరు కాంతి నందుకొని, హైడ్రాలిక్ కవాటము ద్వారా దానిని పైకి క్రిందికి జరుపుచు మడి చదును చేయు యంత్రమును మీలో కొందరు చూచియుందురు. ఆ యంత్రము పేటెంటునకు తగవచ్చును గాని, దానితో పొలము చదునుచేసి నాటు పద్ధతికి పేటెంటు లేదు. రైతు చేయు సేద్యపు రీతి ఒక్కని సొత్తు కారాదను ఈ నిబంధన నాకు మిక్కిలి సమంజసముగ తోచినది.

ఇక మాటల సంగతి. దరఖాస్తు చివర వ్రాయు క్లెయిమే పేటెంటునకు పొలిమేర. తర్కశాస్త్రమున వస్తువునకు లక్షణము చెప్పునపుడు మూడు దోషములు వారింపవలెనందురు. ఆవు అనగా కొమ్ములు గలది యన్నచో గేదెయు అందు చేరును, అది అతివ్యాప్తి. కపిలవర్ణము గలది యన్నచో తెల్లయావు వెలియగును, అది అవ్యాప్తి. ఒంటిగిట్ట గలది యన్నచో ఏ ఆవునకు చెల్లదు; అది అసంభవము. గంగడోలు గలది యనుట సరియైన లక్షణము. క్లెయిము వ్రాయువానికి ఇంతకంటె మంచి పాఠము నేనెరుగను. విద్యార్థి మొదట వ్రాసినది "కడ్డీని పట్టుకొను సాధనము" అని. ఇది అతివ్యాప్తి, బడ్డీకొట్టులో దొరకు ఇనుపపట్టి సయితము పరీక్షకుని చేతికి పూర్వజ్ఞానమై చిక్కును. తరువాత "రెండంగుళముల వెదురునకు ఇత్తడి మరలు మూడింటితో" అని వ్రాసెను. ఇది అవ్యాప్తి, ఇనుపమరలు వేసి అమ్మువానిని ఆపలేము. ప్రకృతి నియమములకు విరుద్ధమైనదానిని కోరుటను చట్టమే 3వ సెక్షను మొదట నిషేధించినది; అది అసంభవము.

అతని పట్టులో గంగడోలు వంటి దేదో వెదకుటకు మాకు మూడు సాయంత్రములు పట్టినవి. పరంజా ఊగినపుడు కాంతి ఆరిపోవుట తన కల్పన యని అతడనుకొనెను. కాని హద్దు మీరి వంగగానే కాంతి మిణుకుమనుటయో ఆరుటయో అంగడిలోని పెట్టెలకు ఇదివరకే కలదు. చివరకు తేలినదేమనగా, వెదురు గుండ్రముగ నుండక కణుపుకొక తీరున మారుచుండును. ఇతని పట్టులోని రెండు దవడలు ఒకదానిపై నొకటి ఆధారపడి, కణుపు ఎట్లున్నను పెట్టెను నిలువుగ నుంచుచున్నవి. వేటికవి పనిచేయక పరస్పరము పనిచేయుచున్నవి గనుక (ఎఫ్) ఖండము అడ్డురాదని నా యభిప్రాయము. పరీక్షకుని యభిప్రాయము వేరు కావచ్చును.

ఆ పరీక్ష దానంతట అదియే జరుగదు. దరఖాస్తు సాధారణముగ 18 నెలలకు ప్రకటింపబడును. పరీక్షించుమని వేరుగ కోరవలెను. 2024 నాటి నిబంధనల సవరణ తరువాత పెట్టిన దరఖాస్తులకు ఈ గడువు 31 నెలలు. పరీక్షకుడు తన ఆక్షేపణలను తొలి నివేదికగ పంపును. ఆరు నెలలలో వానికి సమాధానము చెప్పి దరఖాస్తును సరిచేయవలెను. ఆక్షేపణ వచ్చినంతనే ఓడినట్లు కాదు. క్లెయిమును కుదించి నిలుపుకొన్నవారెందరో గలరు. పేటెంటు లభించినచో దరఖాస్తు తేదీ మొదలు 20 సంవత్సరములు చెల్లును. పత్రములు హిందీలోగాని ఇంగ్లీషులోగాని ఉండవలెను. తెలుగున ఆలోచించి మూడు సాయంత్రములు తూచిన మాటలను మరల వేరొక తూనికలో తూచవలసి వచ్చుట నాకు కొంత బాధ కలిగించినది. ఉర్దూ విభాగపు మిత్రులును అదే మాట యనిరి.

ఆలస్యమువలన కలుగు నష్టమునకు లేజరు చరిత్రయే సాక్షి. గోర్డన్ గూల్డ్ అను అమెరికా పరిశోధకుడు 1957 నవంబరులో తన భావములను నోటు పుస్తకమున వ్రాసి, మిఠాయి దుకాణపు నోటరీచేత ముద్ర వేయించెను. పనిచేయు నమూనా యుండిననే గాని పేటెంటు అడుగరాదని పొరబడి 1959 ఏప్రిల్ వరకు దరఖాస్తు పెట్టలేదు. ఆలోగా 1958లో టౌన్స్, షాలో యనువారి దరఖాస్తు చేరి, 1960లో వారికి పేటెంటు లభించెను. గూల్డునకు తొలి ముఖ్యమైన లేజరు పేటెంటు 1977లో గాని దక్కలేదు. ఆనాటి అమెరికా చట్టము ముందుగ కల్పించినవానిని మన్నించునది గనుక ఆ నోటు పుస్తకము అతనికి ఎంతో కొంత అక్కరకు వచ్చెను. మన దేశమున ముందుగ దరఖాస్తు పెట్టినవానికే ప్రాధాన్యము.

కళాశాల వైజ్ఞానిక ప్రదర్శన సమీపించినది. పట్టును అందు పెట్టవలెనని విద్యార్థి కోరిక. కేంద్రప్రభుత్వము గెజెటులో ప్రకటించిన ప్రదర్శనలకు మాత్రమే 31వ సెక్షను పండ్రెండు నెలల మినహాయింపు నిచ్చుచున్నది; మన ప్రదర్శన అట్టిది కాదు. పదిమంది ఎదుట విప్పి చూపినచో, రేపు అదే పూర్వజ్ఞానమై అతని దరఖాస్తునకు అడ్డు నిలువవచ్చును. ముందుగ తాత్కాలిక వివరణముతో దరఖాస్తు పెట్టినచో తేదీ దక్కును, పూర్తి వివరణమునకు పండ్రెండు నెలల వ్యవధి యుండును. వ్యక్తులకు ఆన్‌లైను రుసుము 1600 రూపాయలు, పరీక్షకు 4000 రూపాయలు. ఆ మొదటి రుసుమును విద్యార్థి సహాయనిధి నుండి ఇప్పించుమని కమిటీవారికి అర్జీ వ్రాసియున్నాను. అంతవరకు లేజరు పెట్టెను, లోలకపు నమూనాను ప్రదర్శనలో ఉంచుమనియు, పట్టును ఇంటివద్దనే భద్రపరచుమనియు అతనికి చెప్పితిని.