కౌటిల్యుని దూతవిభాగము – విదేశాంగ మంత్రి

కౌటిల్యుడు అర్థశాస్త్రం ప్రథమాధికరణంలో దూతలను నిసృష్టార్థుడు, పరిమితార్థుడు, శాసనహరుడు అని మూడు విధాలుగా విభజించాడు. అమాత్యగుణాలన్నీ కలవాడు మొదటివాడు, పాదగుణహీనుడు రెండవవాడు, అర్ధగుణహీనుడు మూడవవాడు. గుణాన్ని బట్టి స్వాతంత్ర్యమని దీని ఆంతర్యం. విదేశాంగ మంత్రి దూతలను పంపే అమాత్యుడు; తానే వెళ్ళినప్పుడు దూత. కొత్త ప్రభుత్వంలో ఆయన ఏ కోవకు చెందుతాడన్నది విచార్యం.

1980 జనవరి 14న ఇందిరాగాంధీ మంత్రివర్గంలో పి.వి. నరసింహారావు ఆ బాధ్యత స్వీకరించారు. అంతకు మూడు రోజుల ముందే ఐక్యరాజ్యసమితిలో భారత ప్రతినిధి, అఫ్గానిస్థాన్ విషయంలో సోవియట్ యూనియన్ ఇచ్చిన హామీలను శంకించబోమని ప్రకటించారు. ఆ మాటను తోసిపుచ్చితే రాజ్యవాక్కు చులకనవుతుంది; వల్లించి ఊరుకుంటే మంత్రి శాసనహరుడే అవుతాడు.

1981 జూన్‌లో పి.వి. ఇస్లామాబాద్ వెళ్ళి పాకిస్థాన్ నేతలతో సంభాషించారు. ఆ నెలలోనే చైనా విదేశాంగ మంత్రి హువాంగ్ హువా ఢిల్లీ వచ్చారు. డిసెంబరులో సరిహద్దు చర్చలు ఆరంభమయ్యాయి. సోవియట్ మైత్రి చెడలేదు, పొరుగువారితో మాటా ఆగలేదు.

తుదినిర్ణయం ప్రధానిదే కనుక ఆయనను నిసృష్టార్థుడనలేము. పరిమితార్థుడై, ఆ పరిమితిలోనే అవకాశాన్ని విస్తరింపజేశారనుట సమంజసం. కొత్త ప్రభుత్వంలో విదేశాంగ మంత్రికి తొలి పరీక్ష ఇదే: తనకు ముందు వెలువడిన రాజ్యవాక్కును కాపాడుతూనే తన వాక్కుకు చోటు కల్పించుకొనుట.