వృత్తి సంఘములు - నగర పాలనము: ఫ్లారెన్స్ నుండి ఫిల్మ్‌నగర్ వరకు

నగరమును పాలించువారెవరు? వారిని ఎన్నుకొను హక్కు ఎవరిది? ఈ ప్రశ్నలకు మధ్యయుగమునందలి ఇటలీ నగరమైన ఫ్లారెన్స్ ఒక సమాధానము చెప్పెను. మన హైదరాబాదు వేరొక సమాధానము చెప్పెను. ఈ రెంటిని సరిపోల్చి చూచుటయే మా ఉద్దేశము.

ఫ్లారెన్స్‌లో రాజు లేడు. 1282 నుండి ‘ప్రియర్లు’ అను పాలకులు వృత్తి సంఘముల నుండి ఎంపిక యగుచుండిరి. వారి పదవీకాలము రెండు నెలలు మాత్రమే. సంఘములు మొత్తము 21. న్యాయవాదులు, ఉన్ని వర్తకులు, వైద్యులు మొదలగువారివి ఏడు పెద్ద సంఘములు; కమ్మరులు, చెప్పులు కుట్టువారు మొదలగువారివి పదునాలుగు చిన్న సంఘములు. మహాకవి దాంతే సైతము వైద్యుల సంఘములో పేరు వ్రాయించుకొనిన పిదపనే 1300లో ప్రియరు కాగలిగెను. 1328 నుండి అర్హుల పేర్లు చీటీలపై వ్రాసి, సంచులలో నుంచి, వంతు వచ్చినపుడు తీయుచుండిరి. న్యాయవిచారణ చేయు ‘పొదెస్తా’ పరాయి ఊరివాడై యుండవలెను. పదవి దిగునపుడు అతడు తన నడవడిపై విచారణకు నిలువవలెను.

ఈ ఏర్పాటు గొప్పదే. కాని సంఘము లేనివానికి అందు చోటు లేదు. స్త్రీలకు అసలే లేదు. ఉన్ని దువ్వు కూలీలు 1378లో తిరుగుబాటు చేసి మూడు కొత్త సంఘములు సాధించుకొనిరి. నాలుగేండ్లు తిరుగకమునుపే ఆ మూడును రద్దయ్యెను.

ఇది చదువునపుడు మనకు ఫిల్మ్‌నగర్ తలపునకు వచ్చుట సహజము. మన చలనచిత్ర పరిశ్రమలో 24 శాఖలు కలవని వాడుక. కెమెరా, కూర్పు, నృత్యము, పోరాటములు, లైట్లు మొదలగు పనులవారికి వేర్వేరు సంఘములున్నవి. 2025 ఆగస్టులో వేతనముల పెంపు కోరి సినీ కార్మికులు సమ్మె చేసినపుడు ఆ సంఘముల బలము అందరికిని తెలిసెను. అయినను సంఘపు కార్డు పని ఇప్పించునే కాని, కార్పొరేటరును ఎన్నుకొను ఓటు ఇయ్యదు. ఓటు నివాసమును బట్టి వచ్చును. పేరు గల నటునికిని, అతని ఇంటి కావలివానికిని ఒక్కొక్క ఓటే.

ఈ సమానత్వము ఒక్కనాట వచ్చినది కాదు. 1869లో మొదటి సాలార్‌జంగు కాలమున హైదరాబాదులో పురపాలనము ఆరంభమైనపుడు నిర్వహణ కొత్వాలు చేతిలో నుండెను. 1933లో చాదర్‌ఘాట్ నగరములో కలిసెను. 1934లో ఎన్నికలు జరిగెను. 1937లో జూబ్లీహిల్స్ ప్రత్యేక మునిసిపాలిటీ ఆయెను. తరువాత అదియు నగరములో లీనమయ్యెను. 1960లో హైదరాబాదు, సికింద్రాబాదు కార్పొరేషన్లు ఏకమయ్యెను. ప్రజలు దీనిని నేటికిని ‘బల్దియా’ అందురు. ఊరు అను అర్థము గల అరబ్బీ మాట ‘బలద్’ నుండి పుట్టిన ఈ పదము ఉర్దూ ద్వారా తెలుగువారి నోట స్థిరపడినది. నిజాము కాలమున అందరికిని ఓటు లేదు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగమే మత, కుల, ధన, స్త్రీ పురుష భేదము లేక వయోజనులందరికిని ఆ హక్కు నిచ్చెను. 1989లో వయోపరిమితి 21 నుండి 18 ఏండ్లకు తగ్గెను.

మరి దీనిని మనమెట్లు వాడుకొనుచున్నాము? 2020 బల్దియా ఎన్నికలలో నూటికి 47 మందియైనను ఓటు వేయలేదు. 2025 నవంబరులో జరిగిన జూబ్లీహిల్స్ శాసనసభ ఉపఎన్నికలో సైతము సగము మంది రాలేదు. ఫ్లారెన్స్ కూలీలు ప్రాణములొడ్డియు నిలుపుకొనలేకపోయిన హక్కు మనకు ఇంటి ముంగిటనే యున్నది. మంచినీరు, మురుగు కాలువ, వీధి దీపము, బస్తీ దవాఖానా, ఇవన్నియు దానితో ముడిపడినవే. ఓటు వేయనివారి వీధి మొర తక్కువగా వినబడును.

కావున పదునెనిమిదేండ్లు నిండిన ప్రతి విద్యార్థియు, విద్యార్థినియు ఆరవ నంబరు ఫారము నింపి ఓటర్ల జాబితాలో పేరు చేర్చుకొనవలెను. ఇంటిలోని పెద్దల పేర్లు జాబితాలో ఉన్నవో లేవో చూడవలెను. ఎన్నికైనవారిని పొదెస్తా వలె లెక్క అడుగవలెను. ఓటు వేసిన నాటితో పౌరుని పని ముగియదు. ఆ నాటి నుండియే మొదలగును.